నేలకింద కొత్తల్లుడు

ఆదివారం పొద్దున్నే చెల్లెలి ఇంటి వరండాలో నిలబడి మేస్త్రీ ఆమె భర్త ఛాతీ కొలుస్తున్నాడు. చొక్కా విప్పి, చేతులు పైకెత్తి, ఊపిరి సగం వదిలి ఆ మనిషి బొమ్మలా నిలబడ్డాడు. టేపు చంకల కిందుగా చుట్టివచ్చి రొమ్ము మీద కలిసింది. పక్కింటావిడ పిట్టగోడ మీదుగా చూసి నవ్వింది.

"ఏంటన్నయ్యగారూ, కొత్త బట్టలు కుట్టిస్తున్నారా?"

"ఎక్కడమ్మా," అన్నాడు చేతులెత్తి నిలబడ్డవాడు. "మా బావ కొలవడమే గానీ కుట్టించింది లేదు. ఇరవై ఏళ్ళ నుంచీ చూస్తున్నా."

ఆవిడ పకపకా నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఆ నవ్వులో తప్పేమీ లేదు. ఆ గోడ పక్కన ఉంటే మనమూ అలాగే నవ్వి వెళ్ళిపోయేవాళ్ళం. ఆ టేపు మీద ముప్ఫై నాలుగు అంకె దగ్గర ఎర్రసిరాతో గీత ఎందుకు గీసి ఉందో అడిగేవాళ్ళం కాదు.

ఆ గీత దాటితే అతనికి పని లేదు.

పాత భవనాల్లో కొన్నింటికి నేల మట్టిని ఆనుకుని ఉండదు. మోకాలెత్తు పొట్టిగోడలు కట్టి వాటి మీద పలకలు పరుస్తారు. కింద మిగిలిన చీకటి సందులో నీళ్ళ గొట్టాలు, మురుగు గొట్టాలు, వైర్లు పోతుంటాయి. ఎక్కడ కారుతోందో, ఏ గోడ కుంగుతోందో తెలియాలంటే ఎవరో ఒకరు బోర్లా పడుకుని మోచేతుల మీద పాక్కుంటూ వెళ్ళి చూడాలి. పొట్టిగోడల్లో వదిలిన కన్నాల్లోంచి దూరాలి. ఆ కన్నాలు ముప్ఫై నాలుగు అంగుళాల ఛాతీని రానిస్తాయి. ముప్ఫై అయిదుని పట్టుకుంటాయి. ఆ సందుని పనివాళ్ళు కడుపు అంటారు. "ఇవాళ ఎన్ని కడుపులు?" అని ఒకడు అడిగితే "రెండు. ఒకటి తడి, ఒకటి పొడి," అని ఇంకొకడు చెబుతాడు. కడుపులోకి వెళ్ళే మనిషికి వాళ్ళు పెట్టిన పేరు బల్లి. పెళ్ళి కార్డు మీద ఉన్న పేరు అతని భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"ముప్ఫై మూడున్నర," అన్నాడు మేస్త్రీ టేపు చుట్టుకుంటూ.

"గెలిచాం," అన్నాడు బల్లి చొక్కా తొడుక్కుంటూ. బనీను వేసుకోడు. తల మీంచి తొడుక్కునేది ఏదైనా సరే, బట్ట ముఖానికి అడ్డం వచ్చిన ఆ ఒక్క క్షణం అతను భరించలేడు. రెండేళ్ళ కిందట ఒక కన్నంలో పధ్నాలుగు నిమిషాలు ఇరుక్కున్నాడు. అప్పటినుంచీ గుమ్మానికి అడ్డంగా, కాళ్ళు గడప బయట పెట్టుకుని పడుకుంటాడు. చలికాలంలోనూ దుప్పటి నడుము దాటి పైకి రాదు.

భోజనాల దగ్గర చెల్లెలు భర్త కంచంలో సగమే వడ్డించింది. అతను ఇంకా కావాలని అడగలేదు, ఆమె వేస్తాననీ అనలేదు. ఆకలిని అలా లెక్కగా మిగల్చడం ఆ ఇంట్లో ఎప్పుడో అలవాటైపోయింది. మేస్త్రీ కంచం మాత్రం నిండుగా ఉంది.

అతను చెయ్యి కడుక్కుంటుంటే చెల్లెలు వెనకాలే వచ్చి నిలబడింది.

"అన్నయ్యా, ఆయనకి నలభై రెండు. ఇంకా ఎన్నాళ్ళు కొలుస్తావు?"

"నేనేం చెయ్యనే, పనే అలాంటిది."

"నువ్వూ చేశావుగా ఆ పని. ముప్ఫై నిండకుండానే బయటికొచ్చావు."

మేస్త్రీ తడి చేతులు దులుపుకున్నాడు. అతను బయటికి రాలేదు. అతని పొట్ట అతన్ని బయటికి తెచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఒళ్ళు చేస్తే, గీత దాటాడని యజమాని తిట్టి పైపని ఇచ్చాడు. ఆ ఖాళీలోకి కొత్తగా పెళ్ళయిన చెల్లెలి భర్తని అతనే తెచ్చి పెట్టాడు. సన్నటి మనిషి, ఉద్యోగం లేని మనిషి. మంచి చేశానన్నాడు అందరితో. తన పొట్టని మాత్రం అప్పుడప్పుడూ ఒంటరిగా ఉన్నప్పుడు నిమురుకునేవాడు, కాపాడిన కుక్కని నిమిరినట్టు.

"మెషీన్లు వచ్చాయటే," అన్నాడు చివరికి. "చిన్న బండి. కెమెరా ఉంటుంది. అదే లోపలికి పోయి చూసొస్తుంది. సార్ని ఒప్పిస్తా. అది వచ్చిందంటే మీ ఆయన మళ్ళీ కడుపులోకి దిగడు. నాది పూచీ."

చెల్లెలు అతని చేతికి తువ్వాలు అందించింది. ఆమె కళ్ళల్లోకి వచ్చిన నమ్మకం చూసి అతనికి తన మీద తనకి ముచ్చటేసింది. మంచితనం మనకి చేసే హాని అక్కడే మొదలవుతుంది. ఇంకా పని జరగకముందే దాని సంతోషం మనం తినేస్తాం.

యజమాని ఒప్పుకున్నాడు. బల్లి మీద జాలితో కాదు, పోటీ కంపెనీ వాళ్ళు అలాంటిది కొన్నారని విని. "వెతుకు మేస్త్రీ. మంచిది చూడు. మన పనికి సరిపోవాలి," అన్నాడు.

మేస్త్రీ నెల రోజులు వెతికాడు. మొదటి దుకాణంలో చూపించింది పిల్లలు ఆడుకునే బండిలా ఉంది. ఇటుకముక్క అడ్డొస్తే బోర్లా పడి చక్రాలు గిరగిరా తిప్పుకుంది. రెండో చోట చూపించింది గట్టిదే గానీ చిన్న మేకంత ఉంది. "ఇది దూరాలంటే కన్నం కాదు, తలుపు పెట్టించాలి," అన్నాడు మేస్త్రీ. మూడో దుకాణం ఒక మిద్దె మీద, ఒకే గది. అమ్మేది ఒక నడివయసు మనిషి, తయారుచేసేదీ అతనే. బల్ల మీద చెప్పుల పెట్టె అంత యంత్రం. ఆరు లావుపాటి చక్రాలు, రెండు దీపాలు, వెనక్కీ ముందుకీ తిరిగే మెడ, దాని చివర కెమెరా. తోకలాగా పొడుగాటి సన్నని వైరు.

మేస్త్రీ జేబులోంచి టేపు తీశాడు. దాని చుట్టూ చుట్టి కొలిచాడు. ఇరవై ఆరు. ఎందుకో అతనికి కళ్ళు చెమ్మగిల్లాయి.

అమ్మేవాడు దాన్ని బీరువా కిందికి వదిలాడు. తెర మీద దుమ్ము, ఒక బొత్తాం, చచ్చిన బొద్దింక కనిపించాయి. బొద్దింక మీసాలు కూడా లెక్కపెట్టొచ్చు.

"మాటలు వినిపిస్తాయా?"

"లేదండీ, బొమ్మే. నేలకింద మాట్లాడేవాళ్ళెవరుంటారు?"

"ఇరుక్కుంటే?"

"వదిలెయ్యండి," అన్నాడతను చాలా మామూలుగా. "అలా పోగొట్టుకోవడానికే దీన్ని చేశాం సార్. మనిషి ఇరుక్కోకూడదనేగా, ఇది ఇరుక్కునేది. తాళ్ళూ గీళ్ళూ కట్టకండి, ఆ బరువుకి ఇది తిరగలేదు. పోతే పోయింది అనుకుని పంపాలి."

మేస్త్రీ తల ఊపాడు. మెట్లు దిగుతూ ఆ మాటనే తిప్పి తిప్పి ఆలోచించాడు. యజమానికి ఈ మాట చెబితే కొనడు. ఇరుక్కుంటే వదిలెయ్యాల్సిన వస్తువుని అంత పోసి ఎవడు కొంటాడు? చెప్పకపోతే కొంటాడు. కొంటే బల్లి బతుకుతాడు. లెక్క తేలికగానే కుదిరింది. మంచి పని కోసం ఒక్క మాట దాచడం అబద్ధం కాదని మెట్లన్నీ దిగేసరికి అతనికి నమ్మకం కుదిరిపోయింది.

"ఇరుక్కుంటే ఏం చెయ్యాలట?" అని యజమాని అడిగాడు.

"ఇరుక్కోదట సార్," అన్నాడు మేస్త్రీ.

యంత్రం వచ్చింది. దానికి మెత్తటి గుడ్డ తొడుగు కుట్టించారు. అది ఎండలో ఉండకూడదని యజమాని తన కారులో, తన పక్క సీటులో కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. పనివాళ్ళు వెనక బండిలో సిమెంటు బస్తాల మీద వచ్చేవాళ్ళు. మూడో రోజుకల్లా దానికి పేరు పడింది: కొత్తల్లుడు.

"కొత్తల్లుడికి కాళ్ళు కడిగారా?"

"కడిగాం. ఒళ్ళు కూడా తుడిచాం."

"మరి పాతల్లుడో?" అని ఎవరో అంటే బల్లి తలవంచి దణ్ణం పెట్టేవాడు. "పాతల్లుడు అరుగు మీద పడుంటాడు నాయనా, వాడి సంగతి ఎవడిక్కావాలి?"

కానీ అతనంత సంతోషంగా ఆ రోజుల్లో ఎవరూ లేరు. యంత్రాన్ని నడిపే పని అతనికే ఇచ్చారు. బయట నీడలో స్టూలు వేసుకుని తెర చూస్తూ నడిపేవాడు. ఏ గోడ తరవాత ఏ గొట్టం వస్తుందో, ఎక్కడ మట్టి జారుతుందో అతని మోచేతులకి తెలుసు కాబట్టి యంత్రం ఒక్కసారీ తడబడలేదు. ఇంటి దగ్గర చెల్లెలు కంచం నిండా వడ్డించింది. అతను రెండోసారి అడిగాడు. ఆ రోజు ఆమె పెరట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది. అయిదు నెలల్లో బల్లికి చిన్న బొజ్జ వచ్చింది. చొక్కా కింది బొత్తాం పెట్టుకోవడం మానేసి "ఇల్లు పెద్దదయింది బావా," అని తట్టుకుని చూపించేవాడు. మేస్త్రీ టేపు తియ్యలేదు. ఇక కొలవనక్కర్లేదని అతను బల్లికి మాట ఇచ్చాడు. ఆ మాట నిలబెట్టుకుంటున్నందుకు గర్వపడ్డాడు.

ఒక్కటి మాత్రం మారింది. లోపలికి వెళ్ళే మనిషి మడమకి తాడు కట్టడం వాళ్ళ పని పద్ధతి. ఆ తాడు రెండో కొసని మేస్త్రీ తన మణికట్టుకి చుట్టుకుని కన్నం దగ్గర కూర్చునేవాడు. లోపలున్నవాడు చేతిలోని రెంచీతో గొట్టం మీద అప్పుడప్పుడూ ఒక్క దెబ్బ కొడితే క్షేమం. గబగబా కొడితే లాగమని. ఇరవై ఏళ్ళలో మేస్త్రీ ఆ తాడుతో బల్లిని ఏడుసార్లు బయటికి లాగాడు. యంత్రం వచ్చిన వారానికి యజమాని ఆ తాడు చూశాడు.

"మనిషికి కడుతున్నారు, దీనికి కట్టరా? ఆ వైరు పుటుక్కున తెగితే? కట్టండి."

కట్టొద్దని అమ్మినవాడు చెప్పాడు. ఆ మాట చెబితే మిగతా మాట కూడా చెప్పాల్సి వస్తుంది. మేస్త్రీ తాడు తీసుకెళ్ళి యంత్రం వెనక కొక్కేనికి ముడి వేశాడు.

ఆ రోజు పని ఒక పెద్ద కార్యాలయ భవనంలో. ఆ భవనం మేనేజరు ఇస్త్రీ మడత నలగకుండా నడిచే మనిషి. కంపెనీకి ఏడాది కాంట్రాక్టు ఇవ్వాలా వద్దా అన్నది అతని చేతిలో ఉంది. వెనకవైపు గోడకి అడుగున ఉన్న కన్నంలోంచి యంత్రాన్ని వదిలారు. బల్లి నడుపుతున్నాడు. రెండో పొట్టిగోడ దాటాక ఆపాడు.

"అవతల ఇటుకలు విరిగున్నాయి సార్. చక్రం దిగబడుద్ది. ఇక్కణ్ణించే చూద్దాం."

"ఏదీ ఇటివ్వు," అన్నాడు యజమాని. మేనేజరు వైపు తిరిగి నవ్వుతూ మీట తీసుకున్నాడు. "దీని సత్తా చూపిస్తా చూడండి."

రెండు జానలు ముందుకి వెళ్ళింది. తెర ఒక పక్కకి ఒరిగింది. ముందు చక్రం ఇటుకల మధ్య దిగబడి గొట్టం కిందికి దూరింది. వెనక్కి తిప్పితే మెడ తిరిగింది గానీ ఒళ్ళు కదల్లేదు. మేస్త్రీ తాడు లాగాడు. రాలేదు. ఇద్దరు కలిసి లాగారు. రాలేదు.

మేనేజరు గడియారం చూసుకున్నాడు.

"ఇరుక్కోదన్నావుగా," అన్నాడు యజమాని మేస్త్రీతో, మెల్లిగా.

మేస్త్రీ చేతిలోని తాడు వైపు చూశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది: "వదిలేద్దాం సార్, అమ్మినాయన వదిలెయ్యమనే చెప్పాడు." ఆ మాట గొంతులో సిద్ధంగా ఉంది. కానీ దాని వెనకాలే అయిదు నెలల కిందటి అబద్ధం కూడా బయటికి వస్తుంది. ఇంతమంది ముందు, పరాయి మనిషి ముందు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా కాదది. మంచివాణ్ణి అని తన గురించి తాను అనుకుంటూ వచ్చిన బొమ్మ ముఖం మీద గీత పడుతుందన్న భయం. ఆ బొమ్మని కాపాడుకోవడానికి మనిషి ఎంత దూరమైనా పోతాడు.

"బల్లీ," అన్నాడు యజమాని. "ఒక్కసారి వెళ్ళిరారా. తెలిసిన దారేగా."

బల్లి స్టూలు మీంచి లేచాడు. ముఖం తెల్లబోయింది. కానీ నవ్వాడు. "నాదేముంది సార్. బావ వెళ్ళమంటే వెళ్తా."

అందరూ మేస్త్రీ వైపు చూశారు. బల్లి కూడా చూశాడు. వద్దని అంటాడనే చూశాడు.

"అరగంట పనిరా," అన్నాడు మేస్త్రీ. "వెళ్ళిరా."

బల్లి ఒక్క క్షణం అతన్నే చూసి, చొక్కా విప్పి స్టూలు మీద వేశాడు. బొజ్జని రెండు చేతులతో లోపలికి నొక్కుకున్నాడు. "కొత్తల్లుడు అలిగి కూర్చున్నాడు. పాతల్లుడు వెళ్ళి బతిమాలి తీసుకురావాలి, అంతేగా."

పనివాళ్ళు నవ్వారు. మేనేజరు కూడా నవ్వాడు.

"తాడేదీ?" అన్నాడు బల్లి మోకాళ్ళ మీద వంగి.

తాడు యంత్రానికి ఉంది. ఇంకో తాడు షెడ్డులో ఉంది, పోయి రావాలంటే గంట పడుతుంది. "దాన్ని పట్టుకునే వెళ్ళు, దాన్ని పట్టుకునే రా," అన్నాడు యజమాని. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. బల్లి రెంచీ చేతపట్టుకుని లోపలికి పాకాడు. మడమలు కన్నంలోకి వెళ్ళిపోయాయి.

మేస్త్రీ కన్నం పక్కన చతికిలబడి తాడు కొసని అలవాటుగా మణికట్టుకి చుట్టుకున్నాడు. తెర అతని వెనక, పది అడుగుల దూరంలో, నీడలో ఉంది. యజమాని యంత్రం మెడని వెనక్కి తిప్పాడు. కొంతసేపటికి పొట్టిగోడ కన్నంలో బల్లి ముఖం కనిపించింది. దీపాల వెలుగులో అతను కెమెరాని చూసి నాలుక బయటికి చాపి ఆడించాడు.

"అబ్బ, ఎంత క్లియర్‌గా ఉందో!" అన్నాడు మేనేజరు. "చెమట చుక్క కూడా కనిపిస్తోంది."

"అదేనండీ దీని గొప్ప," అన్నాడు యజమాని.

బల్లి ఊపిరంతా వదిలి తల, ఒక చెయ్యి, ఒక భుజం కన్నంలోంచి యంత్రం వైపుకి తెచ్చాడు. చక్రం కింది ఇటుకముక్కని పీకేశాడు. తెర సమంగా అయింది. యంత్రం విడివడింది. బయట ఎవరో చప్పట్లు కొట్టారు. తరవాత బల్లి వెనక్కి జరగబోయాడు. జరగలేకపోయాడు. ఊపిరి పీల్చుకోగానే ఛాతీ కన్నం నిండా బిగుసుకుంది. బొజ్జ గోడకి బయటివైపు, తలా భుజమూ యంత్రం వైపు. పక్కనే తాడు కూడా ఆ కన్నంలోంచే పోతూ ఒరుసుకుంటోంది.

గొట్టం మీద గబగబా దెబ్బలు వినిపించాయి.

ఆ చప్పుడు మేస్త్రీ చెవి దాకా వెళ్ళలేదు, నేరుగా చేతుల్లోకి వెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా ఆ చప్పుడుకి ఆ చేతులు ఒక్కటే చేశాయి. లాగాయి. తాడు మొదట్లో తేలికగా వచ్చింది, తరవాత బరువైన దానికి తగిలి ఆగింది.

"వస్తోంది! బొమ్మ కదులుతోంది, లాగు!" అని వెనక నుంచి యజమాని అరిచాడు. "లాగు మేస్త్రీ!"

తెర మీద బల్లి ముఖం పెద్దదవుతోంది. అతని నోరు కదులుతోంది. ఒకే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. కానీ యంత్రం మాటలు వినదు. గొట్టం మీద దెబ్బలు ఇంకా జోరయ్యాయి. లాగొద్దు అని చెప్పే చప్పుడు వాళ్ళ పనిలో లేదు. ఎవరూ ఎప్పుడూ ఒకటి పెట్టుకోలేదు, అవసరం వస్తుందని ఎవరికి తెలుసు? దెబ్బలు జోరైనకొద్దీ మేస్త్రీ కాలు గోడకి తన్నిపెట్టి, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. రారా, రా, అనుకుంటూ లాగాడు. తెర మీద ముఖం పోయి నోరు మిగిలింది, నోరు పోయి ఒక కన్ను మిగిలింది, తరవాత నల్లగా అయింది.

దెబ్బలు ఆగాయి.

"వచ్చేశాడా?" అన్నాడు మేస్త్రీ వెనక్కి తిరిగి. అందరి ముఖాలూ చూశాడు. తన మణికట్టుకి చుట్టిన తాడు చూశాడు. అది ఎవరి మడమ దగ్గరికి పోతోందో అప్పుడు గుర్తొచ్చింది. ఎవరి మడమ దగ్గరికీ పోవడం లేదు, యంత్రం దగ్గరికి పోతోంది.

పైనుంచి నేల పగలగొట్టాలి. ఆ చోటుకి సరిగ్గా పైన భవనం ముందు హాలు ఉంది. "ఆ పలకలు ఇప్పుడు దొరకవండీ," అన్నాడు మేనేజరు. "పైవాళ్ళని అడగాలి." అతను ఫోను చేశాడు. పైవాళ్ళు మీటింగులో ఉన్నారు. ఇంకొకరికి చేశాడు. మేస్త్రీ గునపం తీసుకుని హాల్లోకి పరిగెత్తాడు. ఇద్దరు కాపలావాళ్ళు అతన్ని పట్టుకున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, వాళ్ళకి చెప్పిన పని అది. అనుమతి వచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. పగలగొట్టేటప్పుడు, "కొంచెం చూసి, కింద మెషీనుంది," అని యజమాని రెండుసార్లు అన్నాడు. అంటున్నానని అతనికే తెలియలేదు.

ముందు యంత్రం బయటికి వచ్చింది. తరవాత బల్లి. కెమెరా అద్దం మీద చిన్న గీత కూడా పడలేదు.

కార్మికశాఖ కార్యాలయంలో విచారణ నెలన్నర తరవాత జరిగింది. అధికారి పదవీ విరమణకి దగ్గరపడిన స్త్రీ. కళ్ళజోడు మెడలో వేలాడుతుంటుంది, ఎదుటివాళ్ళు మాట్లాడేటప్పుడు రాసుకోకుండా వింటుంది. బల్ల ఒక పక్క యజమాని, మేస్త్రీ. ఇంకో పక్క చెల్లెలు ఒక్కతే.

"మేం ఎవరం పంపలేదండీ," అన్నాడు యజమాని. "అతనికి ఆ మెషీనంటే ప్రాణం. అదంటే ఉన్న ప్రేమకొద్దీ తనే దూరాడు. మేస్త్రీ అక్కడే ఉన్నాడు, అడగండి. సొంత మనిషి కూడాను."

"అడుగుతాను. ఆ యంత్రం ఇప్పుడెక్కడుంది?"

"పనిలో ఉందండీ. బాగానే నడుస్తోంది," అన్నాడు యజమాని. అని, తల దించుకున్నాడు.

యంత్రం తీసిన దృశ్యం గదిలో వేశారు. చెల్లెల్ని బయట కూర్చోమన్నారు గానీ ఆమె లేవలేదు. తెర మీద భర్త నాలుక ఆడించినప్పుడు ఆమె పెదవుల మీద నవ్వులాంటిది వచ్చి పోయింది. తరవాత ముఖం పెద్దదవడం మొదలైంది. ఆమె కొంచెం ముందుకి వంగింది. భర్త పెదవులతో పాటు ఆమె పెదవులూ కదలడం మేస్త్రీ చూశాడు. ఇరవై ఏళ్ళు ఆ నోటి ఎదురుగా కూర్చుని తిన్న మనిషి ఆమె.

"లాగొద్దు బావా," అంది చెల్లెలు. బిగ్గరగా అనలేదు, పుస్తకంలో ఉన్నది చదివినట్టు అంది. "లాగొద్దు బావా, లాగొద్దు బావా, లాగొద్దు. అంతే అంటున్నాడండీ. ఇంకేం అనలేదు."

యజమాని మోచేత్తో మేస్త్రీని తాకాడు. ఏం చెప్పాలో వచ్చేటప్పుడే కారులో చెప్పాడు. ఈసారి ఆ పక్క సీటులో మేస్త్రీ కూర్చున్నాడు.

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. "నేనే పంపానండీ," అన్నాడు. "వెళ్ళిరా అన్నది నేనే. వద్దంటానని చూశాడు వాడు, నేనే అనలేదు. ఇరుక్కుంటే వదిలెయ్యండని అమ్మినాయన చెప్పాడు. దానికి తాడు కట్టొద్దనీ చెప్పాడు. ఆ రెండు మాటలూ నేనే దాచాను. చెబితే కొనరని దాచాను. కొన్నాక, అబద్ధం చెప్పాననుకుంటారని దాచాను."

చెప్పేశాక అతను చెల్లెలి వైపు తిరిగాడు. అప్పుడు కూడా అతని లోపల ఒక మూల ఏదో ఆశపడింది. నిజం చెప్పినవాడికి దక్కే చిన్న ఊరట ఏదో ఆమె ముఖంలో దొరుకుతుందని. ఆ ఆశ తనకే తెలిసి అతను చూపు తిప్పేసుకున్నాడు.

అధికారి కళ్ళజోడు పెట్టుకుంది. "అమ్మా, మీరేమైనా చెబుతారా?"

చెల్లెలు అధికారితో కాదు, అన్నతో మాట్లాడింది.

"నిజం చెప్పావని మెచ్చుకోమంటావా అన్నయ్యా? మెచ్చుకోలేను. నువ్వు ఆయన కోసమే దాన్ని వెతికావు, అది నాకు తెలుసు. ఎండలో తిరిగి వెతికావు. కానీ అది దొరికిన రోజు నుంచీ మీరంతా దాన్నే చూసుకున్నారు, ఆయన్ని చూడ్డం మానేశారు. దానికి ఎండ తగలకూడదన్నారు, తాడుండాలన్నారు. ఆయనకి ఏముండాలో ఒక్కరూ అడగలేదు. ఇంక మా ఇంటికి రాకు."

ఆమె లేచి చేతిసంచీ భుజానికి తగిలించుకుంది. తలుపు దగ్గర ఆగి, ఈసారి గదిలో అందరికీ వినపడేట్టు అంది:

"మనిషి చావకుండా ఉండాలని కొన్న వస్తువుని పోనీలే అని వదులుకోలేనివాళ్ళు, అసలు దాన్ని కొనకండి. వదులుకోలేక మళ్ళీ మనిషినే పంపుతారు."